ఒక్క రోజులో ఐదు బ్రూవరీలా, రెండేనా?

చిన్న ఎత్తున తమదైన పద్ధతిలో బీరు కాచే క్రాఫ్ట్ బ్రూవరీలు నాలుగైదు ఒకే ప్రాంతంలో ఉన్నప్పుడు, దొరికిన ఒక్క రోజులో వాటన్నిటినీ చుట్టి రావడం మేలా, రెండింటిని ఎంచుకొని తీరికగా కూర్చోవడం మేలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగేవారికి చల్లగా, నెమ్మదిగా పులిసే లాగర్‌కూ వెచ్చగా, త్వరగా పులిసే ఏల్‌కూ తేడా తెలుసు, ఐపీఏ అనే ఏల్ ఎందుకు చేదుగా ఉంటుందో తెలుసు. వారికి తేలనిది రోజును ఎలా పంచుకోవాలన్నదే. గత నెలలో ఇదే ప్రశ్న నాకూ ఎదురైంది. కొన్నేళ్ల కిందట ఇటువంటి యాత్రలోనే ఐదు చోట్లకూ తిరిగిన నేను, ఈసారి రెండింటితో ఆగిపోయాను. ఆ రెండు రోజులనూ పోల్చుకుంటూ రాస్తున్న మాటలివి. నా మొగ్గు ఎటో చదువుతూండగానే తెలిసిపోతుంది కనుక దాన్ని దాచే ప్రయత్నం చేయడం లేదు.

ముందుగా ఐదు చోట్లకు వెళ్లాలనే వారి పక్షం చెప్పాలి, ఎందుకంటే అది తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఒకే రకం బీరును వేర్వేరు చేతులు ఎలా కాస్తాయో ఒకే రోజు రుచి చూస్తే తెలిసినంతగా, నెలల ఎడంతో తాగితే తెలియదు. ఉదాహరణకు పిల్స్నర్‌నే తీసుకోండి. 1842లో పిల్సెన్ నగరంలో యోసెఫ్ గ్రోల్ కాచిన ఆ లేత బంగారు రంగు లాగర్‌కు అక్కడి నీటిలో లవణాలు చాలా తక్కువగా ఉండడం కలిసివచ్చింది. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు నీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం, జిప్సం నిండిన ఆ గట్టి నీటిలో హాప్స్ అనే తీగ పూల చేదు పదునుగా తేలే ఏల్స్ పేరు తెచ్చుకున్నాయి. నేటి బ్రూవరీలు నీటిని శుద్ధి చేసి తమకు కావలసిన లవణాలను తామే కలుపుకోగలవు కాబట్టి, ఇప్పుడు నీరు ఊరి లక్షణం కన్నా బీరు కాచేవారి నిర్ణయం. ఆ నిర్ణయాలు ఎంత దూరం వెళ్తాయో చూడాలంటే ఐదు గ్లాసులు రెండు గ్లాసుల కన్నా మంచి సాక్ష్యమే.

అయితే ఈ వాదన నిలవాలంటే ఒక షరతు ఉంది: ఐదవ గ్లాసు దగ్గర కూడా మీ నాలుక మొదటి గ్లాసు దగ్గర ఉన్నంత చురుకుగా ఉండాలి. నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చేది ఇదొక్కటే. దూరాలు, సమయం, ఖర్చు వంటివన్నీ దీని తరువాతే వస్తాయి.

లెక్క వేసి చూద్దాం. రుచి చూడడానికి ఇచ్చే శాంపిల్ ట్రేలో సాధారణంగా నాలుగు చిన్న గ్లాసులు ఉంటాయి. ఒక్కొక్కటి 120 మిల్లీలీటర్లు, సగటున 5 శాతం ఆల్కహాల్ అనుకుంటే, ఒక ట్రేలో ఉండే ఆల్కహాల్ దాదాపు 19 గ్రాములు. ఐదు చోట్ల ఐదు ట్రేలు అంటే 95 గ్రాములు. శరీరం గంటకు ఏడు నుంచి పది గ్రాముల వరకే కరిగించుకోగలదు, అదీ మనిషిని బట్టి మారుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. ఉదయం పదకొండుకు మొదలుపెట్టి సాయంత్రం ఏడుకు ముగించినా, చివరి ట్రే ముందు కూర్చునే వేళకు అంతకు ముందు తాగినదానిలో కొంత ఇంకా రక్తంలోనే ఉంటుంది. పైగా 5 శాతం అన్నది తక్కువగా వేసిన అంచనా. 10 శాతం ఉండే ఇంపీరియల్ స్టౌట్ అనే ఘాటైన నల్ల బీరు చిన్న గ్లాసు ఒక్కటే, మామూలు లాగర్ రెండు చిన్న గ్లాసులకు సమానం. ట్రేలోని గ్లాసులన్నీ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి కాబట్టి ఈ సంగతి కంటికి తెలియదు.

ఆల్కహాల్ సంగతి అలా ఉంచినా చేదు సంగతి ఉంది. చేదును అంతర్జాతీయంగా ఐబీయూ అనే కొలమానంతో లెక్కిస్తారు, అంకె పెరిగే కొద్దీ చేదు ఎక్కువ. జర్మన్ పద్ధతి గోధుమ బీరు 8 నుంచి 15 మధ్య, చెక్ పద్ధతి పిల్స్నర్ 30 నుంచి 45 మధ్య, అమెరికన్ ఐపీఏ 40 నుంచి 70 మధ్య ఉంటాయి. హాప్స్ చేదు నాలుకను పట్టుకొని వెంటనే వదలదు. ఐపీఏ తాగిన వెంటనే గోధుమ బీరు నోట పోసుకుంటే, బీరును పులియబెట్టే ఈస్ట్ ఇచ్చిన అరటిపండు, లవంగం వాసనలు ఎక్కడికో పోయి తియ్యటి నీళ్లు మిగులుతాయి. అందుకే ఎక్కడైనా తేలికైన వాటితో మొదలుపెట్టి ఘాటైన వాటితో ముగించమంటారు. ఒకే బ్రూవరీలో ఈ క్రమం పాటించడం సులభం. ఐదింటిలో మాత్రం ప్రతి చోటా పైకి ఎక్కి, తరువాతి చోట మళ్లీ కిందికి దిగి మొదలుపెట్టాలి. మూడవ బ్రూవరీ వారి గోధుమ బీరు ఎంత బాగున్నా, రెండవ చోట చివరగా తాగిన ఐపీఏ నోటిలో మిగిల్చిపోయిన చేదుతో అది పోరాడక తప్పదు. రోజంతా రుచి చూసి ఒక బ్రూవరీని గొప్పదనీ ఇంకొకదాన్ని చప్పనిదనీ తేల్చిన వారిలో కొందరు, నిజానికి తాము వెళ్లిన వరుసకు మార్కులు వేశారేమోనని నా అనుమానం.

నా మొదటి యాత్ర నాటి నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొదటి బ్రూవరీకి ఒక పేజీ నిండా రాశాను: నురగ ఎంతసేపు నిలిచింది, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రొట్టెలా వాసన వేసిందా బిస్కట్టులా వేసిందా, చేదు గొంతులో ఎక్కడ తగిలింది. రెండవదానికి అరపేజీ. నాలుగవదాని దగ్గర "నలుపు, బాగుంది" అన్న రెండు మాటలే ఉన్నాయి, ఆ అక్షరాలు కూడా గీత దాటిపోయాయి. ఆ రోజు మా వెంట, వాహనం నడపడానికి ఒప్పుకొని చుక్క ముట్టని మిత్రుడొకడు ఉన్నాడు. అదే నాలుగవ చోట నేను మెచ్చుకుంటున్న లాగర్‌ను అతడు ఊరికే వాసన చూసి, "ఇందులో వెన్న కాచిన వాసన వస్తోందేమిటి?" అన్నాడు. అది డయాసిటైల్. పులిసేటప్పుడు పుట్టే ఆ పదార్థాన్ని తగినంత సమయమిస్తే ఈస్టే తిరిగి గ్రహించి శుభ్రం చేస్తుంది. తొందరపడి ట్యాంకు చల్లార్చినా, ట్యాపుకు వచ్చే గొట్టాలను సరిగా కడగకపోయినా ఆ వాసన మిగిలిపోతుంది. బీరు గురించి నలుగురికి చెప్పే నాకు అందని లోపం, బీరు తాగనివాడి ముక్కుకు అందింది. తేడా అనుభవంలో లేదు, అంతకు ముందు తాగిన పన్నెండు గ్లాసుల్లో ఉంది.

ఈసారి వెళ్లిన రెండు చోట్లా ఒక్కొక్క ట్రే తీసుకొని, రెండవ చోట నచ్చినదాన్ని 300 మిల్లీలీటర్ల గ్లాసు నింపించుకున్నాను. మొత్తం ఆల్కహాల్ 50 గ్రాములు, ఆరు గంటల్లో. ఇదేమీ తక్కువ కాదు, కానీ మధ్యలో రెండు గంటల విరామం, ప్రతి గ్లాసుకూ ఒక గ్లాసు మంచినీళ్లు ఉన్నందువల్ల చివరి గ్లాసు గురించి కూడా నాలుగు వాక్యాలు రాయగలిగాను.

రెండింటితో ఆగడం వల్ల దొరికే అసలు లాభం, బీరు వేడెక్కే దాకా ఎదురుచూడగలగడం. స్టౌట్‌ను ట్యాపు నుంచి నాలుగైదు డిగ్రీల సెల్సియస్ వద్ద పోస్తే చల్లదనం తప్ప మరేమీ తెలియదు. అది పది పన్నెండు డిగ్రీలకు చేరాకే వేయించిన బార్లీ లోంచి కాఫీ, చాకొలేట్ వాసనలు విడివడతాయి. అందుకు ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. ఐదు చోట్లు తిరిగేవారికి ఒక్కొక్క చోట దక్కేది ముప్పావు గంట, అందులో కూర్చోవడానికీ గ్లాసులు రావడానికీ పావుగంట పోతుంది, మిగిలిన అరగంటలో నాలుగు గ్లాసులు ముగించాలి. అంటే వారు తాగే స్టౌట్లన్నీ చల్లటి స్టౌట్లే. నేను ఒకే గ్లాసును అరగంట ఎడంతో రెండుసార్లు రుచి చూసి రెండుసార్లు రాసుకున్నాను; ఆ రెండు రాతలూ చదివితే వేర్వేరు బీర్ల గురించి రాసినట్టు ఉన్నాయి.

రెండవ లాభం బీరు కాచేవారితో మాట్లాడడం. బీరు కాచే రోజున పని ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగుతుంది. పిండిచేసిన మాల్ట్‌ను 65 డిగ్రీల ప్రాంతంలో వేడినీటిలో గంటసేపు నానబెట్టి, ఆ తియ్యటి రసాన్ని వడకట్టి, హాప్స్ వేసి మరో గంట మరిగిస్తారు. ఈ పనుల నడుమ వారికి ఖాళీ దొరుకుతుంది కానీ, అది మీరు లేవబోయే సమయానికే దొరుకుతుందని లేదు. సెలవు కాని రోజున, ఉదయం వేళ వెళ్లి, తొందర లేదని కనిపించేటట్టు కూర్చుంటే వారే వచ్చి మాట్లాడతారు. ఈసారి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ లాగర్ ట్యాంకులో ఎన్ని వారాలు ఉంది? ఏల్ రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తుంది. లాగర్ ఈస్ట్ చల్లగా, నెమ్మదిగా పని చేస్తుంది, ఆ తరువాత సున్నాకు దగ్గరి చలిలో ఇంకొన్ని వారాలు ఊరాలి. నాలుగే ట్యాంకులున్న చిన్న బ్రూవరీకి ఒక ట్యాంకును అన్నాళ్లు లాగర్‌కు అప్పగించడమంటే, ఆ వ్యవధిలో కాచగలిగిన రెండు ఏల్స్ వదులుకోవడం. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఆ బ్రూవరీ స్వభావాన్ని చాలావరకు చెప్పేస్తుంది.

ఐదు చోట్లకూ వెళ్లి తీరాలనుకునే వారికి న్యాయంగా ఒక దారి ఉందని ఒప్పుకోవాలి. ప్రతి చోటా ఒకే రకం, ఒకే చిన్న గ్లాసు తీసుకోండి. ఐదు పిల్స్నర్లు, ఒక్కొక్కటి 120 మిల్లీలీటర్లు, మొత్తం 24 గ్రాముల ఆల్కహాల్. వరుస సమస్య ఉండదు, నాలుక అలసిపోదు, పోలిక నిజమైన పోలిక అవుతుంది. ఇలా చేయగలిగితే ఐదే మేలని నేనూ అంటాను. కానీ పన్నెండు ట్యాపులున్న గోడ ముందు నిలబడి ఒకే ఒక్క గ్లాసు తాగి లేచి వచ్చినవారిని నేను ఇంతవరకు ఇద్దరినే చూశాను, అందులో నేను లేను. పైగా అన్ని బ్రూవరీలూ పిల్స్నర్ కాయవు.

తక్కినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిర్వాహకులు బస్సులో తిప్పే యాత్రలో ట్యాంకుల గది తప్పకుండా చూపిస్తారు, ఎవరు నడపాలన్న బెంగ ఉండదు. గడియారం మాత్రం వారి చేతిలో ఉంటుంది. సైకిలు మీద తిరగడం బాగుంటుందని అనిపిస్తుంది గానీ తాగి సైకిలు తొక్కడం కూడా తాగి నడపడమే. రోజంతా ఒకే బ్రూవరీలో గడపడం ఆ ఇంటి బీరంటే ముందే ఇష్టమున్నవారికి తగిన పని. ఇక సొంత వాహనమైతే, నడిపేవారు "ఒక్క గ్లాసే" అనకుండా అసలు తాగకూడదు; అలా ఒప్పుకునే మనిషి దొరకనప్పుడు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న రెండింటిని ఎంచుకోవడమే మిగిలే దారి. ఆ నడక వల్ల నోటికి విరామం కూడా దొరుకుతుంది.

ఏ రెండు అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. మొదటిది లాగర్ల మీద శ్రద్ధ పెట్టేది కావాలి, రెండవది హాప్స్ మీదో, ముదురు బీర్ల మీదో మనసున్నది కావాలి. రెండూ ఐపీఏలకు పేరుపడ్డవైతే రెండవదానికి వెళ్లడం వృథా. గుంపు రాకముందే మొదటిదానికి చేరుకోండి. గ్లాసు అందగానే లోపలి గోడలను చూడండి: బుడగలు గుత్తులుగా అంటుకొని ఉంటే ఆ గ్లాసు సరిగా కడగలేదని అర్థం, మొహమాటపడకుండా మార్చమనండి. తాగుతున్న కొద్దీ నురగ వలయాలుగా గోడకు నిలిచిపోతే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టే.

వెళ్లని మూడింటి మీద బెంగ ఉంటే, సీసాలో నింపి ఇచ్చే చోటు నుంచి ఒక సీసా ఇంటికి తెచ్చుకోవచ్చు. ముదురు గోధుమ రంగు గాజు సీసా అడగండి, ఎండ తగలనివ్వకండి. వెలుతురు పడితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి ముక్కు మూసుకునే వాసన పుడుతుంది. ట్యాపు నుంచి నింపిన బీరు సీసాలో కొన్ని రోజులకు మించి తాజాగా ఉండదు, మూత తీశాక మరునాటికే సత్తువ పోతుంది. నేను తెచ్చుకున్న సీసాను రెండవ రోజు సాయంత్రం తెరిచి, ఆ పాత మిత్రుణ్ని పిలిచి ముందుగా వాసన చూడమన్నాను. వెన్న వాసన లేదన్నాడు.