కొండాపూర్ ట్రైబల్ బెల్లీ డాన్స్ వర్క్‌షాప్: జిల్స్ మోత ఎక్కువ, ముందు నిలబడే వంతు తక్కువ

శని, ఆదివారాలు. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, రెండు రోజులకూ కలిపి ఆరు గంటలు. ఫీజు 4,500 రూపాయలు. వచ్చినవాళ్లు పద్దెనిమిది మంది. టీచరు బెంగళూరు నుంచి వచ్చారు. చోటు కొండాపూర్‌లో, మామూలు రోజుల్లో జుంబా, యోగా నడిచే స్టూడియో. అసలు సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సులువు. కదలికలు పద్ధతిగా నేర్పారు. జిల్స్ (వేళ్లకు తొడిగే తాళాలు) పాఠానికైతే వంక పెట్టడానికి లేదు. కానీ ఈ నాట్యానికి ప్రాణమైన పని గుంపుకు ముందు నిలబడి సైగలతో నడిపించడం. అది ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలే దక్కింది. ఐదుకు మూడు.

ముందు పోస్టరు సంగతి. దాని మీద ‘ఎడారి తెగల ప్రాచీన నృత్యం’ అని రాశారు. శుద్ధ తప్పు. ఈ శైలి పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. కెరొలీనా నెరిచ్చియో 1987లో అక్కడ ‘ఫ్యాట్‌చాన్స్ బెల్లీడాన్స్’ బృందం పెట్టి, అమెరికన్ ట్రైబల్ స్టైల్ అనే పేరుతో దీన్ని ఒక పద్ధతిలోకి తెచ్చారు. ఆమె గురువు మాషా ఆర్చర్. ఆర్చర్‌కు గురువు జమీలా సాలింపూర్, 1960ల చివర్లో ‘బాల్ అనాత్’ బృందాన్ని నడిపినావిడ. మూడు తరాల గురుపరంపర ఇంత స్పష్టంగా ఉండగా ఎడారి కథలెందుకో. ‘ట్రైబల్’ అనే మాట మీద వచ్చిన అభ్యంతరాల వల్ల 2020లో మాతృసంస్థే పేరును ఎఫ్‌సీబీడీ (ఫ్యాట్‌చాన్స్ బెల్లీడాన్స్) స్టైల్‌గా మార్చుకుంది. దీన్ని వేరే శైలులతో కలిపి ‘ట్రైబల్ ఫ్యూజన్’ చేసేవాళ్లలో చాలామంది ఇప్పుడు ట్రాన్స్‌నేషనల్ ఫ్యూజన్ అంటున్నారు. మన దగ్గర ‘ట్రైబల్’ అనే మాట ఇంకా పాత అర్థంతోనే తిరుగుతోంది. పోస్టరు చూసి ఆదిలాబాద్ గుస్సాడీ లాంటిదో, అరకు దింసా లాంటిదో నేర్పుతారని వచ్చినవాళ్లూ ఆ గదిలో ఉన్నారు. క్లాసులో టీచరు ఈ చరిత్రంతా పది నిమిషాల్లో సరిగ్గానే చెప్పారు కాబట్టి తప్పు పోస్టరు వేసినవాళ్లదే.

పోస్టరులో ఇంకో తిరకాసు కూడా ఉంది. అందులో ఫొటో ట్రైబల్ ఫ్యూజన్‌ది: నల్ల బట్టలు, ఒంటరి నర్తకి, పాములా మెలితిరిగిన నడుము. ఫ్యూజన్‌లో పేరున్న నర్తకి రేచల్ బ్రైస్ వీడియోలు చూసి మోజుపడి వచ్చేవాళ్లు ఆశించేది అదే. ఇక్కడ నేర్పింది మాత్రం ముందుగా కూర్చిన నాట్యం లేకుండా, గుంపుగా, సైగల మీద అప్పటికప్పుడు ఆడేది. రెండూ చుట్టాలే గానీ కాపురాలు వేరు.

మొదటి రోజు నిలబడే తీరుతో మొదలైంది. పాదాలు సమాంతరంగా, తుంటి కింద. మోకాళ్లు బిగపట్టకుండా, కాస్త వదులుగా. తోకఎముక నేల వైపు. పక్కటెముకల గూడు పైకి. భుజాలు వెనక్కీ కిందికీ. వినడానికి తేలికే. పది నిమిషాలు గడిచేసరికి సగం మంది నడుం కింది భాగం పట్టుకున్నారు. కారణం ఒక్కటే: గూడు పైకెత్తమంటే రొమ్ము విరిచి వీపు వంచేస్తారు. ఎత్తాల్సింది కడుపు కండరాలతో. పొట్ట మీద ఒక అరచెయ్యి, వీపు మీద ఒక అరచెయ్యి పెట్టుకుని, గూడు పైకి లేస్తున్నప్పుడు వెనక చెయ్యి కింద పల్లం పెరగకుండా చూసుకుంటే సరిపోతుంది. టీచరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి దీన్ని సరిదిద్దారు. పద్దెనిమిది మందిలో ఆ ఓపిక మామూలు విషయం కాదు.

కూచిపూడి నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ వేరే తంటా. అరమండి అలవాటైన కాళ్లకు మోకాలు వంగగానే పాదాలు వాటంతటవే పక్కలకు తిరిగిపోతాయి. పాదం బయటికి తిరిగితే తుంటి పక్కకు కొట్టే దెబ్బలో పదును పోతుంది, అడుగు కూడా వెడల్పవుతుంది. బొటనవేళ్లు ఎదురుగోడ వైపు చూస్తున్నాయా అని ప్రతి ఎనిమిది లెక్కలకోసారి చూసుకోవడం తప్ప దీనికి చిట్కా లేదు. తాళం విషయంలో మాత్రం వాళ్లే అందరికంటే ముందున్నారు.

ఎందుకంటే, జిల్స్. బొటనవేలికీ నడిమివేలికీ తొడిగే ఇత్తడి తాళాలు, చేతికి రెండు చొప్పున మొత్తం నాలుగు. ఈ శైలిలో వేగంగా ఆడే పాటలన్నిటికీ నర్తకులే ఇవి వాయించాలి. అద్దెకు ఇస్తామన్న జతల్లో సగం నడిమధ్య ఒకే రంధ్రం ఉన్నవి. అవి ఎలాస్టిక్ మీద గిరగిరా తిరుగుతాయి. కొనేవాళ్లు రెండు సన్నని గాట్లున్నవే కొనాలి. పూజా సామాన్ల కొట్లో దొరికే భజన తాళాలు చవకే గానీ అవి తాడుతో పట్టుకునేందుకు చేసినవి. వేలికి కడితే బరువుకు జారతాయి. ఎలాస్టిక్ గోరు మొదలుకూ మొదటి కణుపుకూ మధ్య కూర్చోవాలి. చెయ్యి కిందికి దించి విదిలిస్తే జారకూడదు, అలాగని వేలికొన నీలం రంగుకు తిరగకూడదు. కొలత కోసం వేలి చుట్టుకొలతకు అర సెంటీమీటరు తగ్గించి కుట్టుకుని, రెండు పాటలు వాయించి చూసి, అప్పుడు ముడి ఖాయం చేసుకోవాలి. కొత్త ఎలాస్టిక్ ఒకసారి సాగుతుంది మరి.

జిల్స్ వాయించే వరస పేరు ‘గ్యాలప్’: కుడి, ఎడమ, కుడి, ఆపై ఖాళీ. టీచరు దీన్ని గుర్రపు పరుగుతో పోల్చారు. తెలుగువాళ్లకు అంతకంటే దగ్గరి దారి ఉంది. ‘తకధిమి’లో నాలుగో అక్షరం మింగేస్తే గ్యాలప్. ‘త-క-ధి’ పలికి, ‘మి’ దగ్గర మౌనం. చెయ్యి అలిసిపోగానే అందరూ చేసే తప్పు ఆ మౌనాన్ని కూడా మింగేయడం. అప్పుడది ‘తకిట తకిట’ అయి చతురశ్రం (నాలుగు లెక్క) కాస్తా త్రిశ్రంలోకి (మూడు లెక్కలోకి) జారిపోతుంది. కాళ్లేమో నాలుగులోనే నడుస్తుంటాయి. గది మొత్తం ఒకేసారి కూలిపోయేది ఇక్కడే. తాళాన్ని నోటితో అంటూ వాయిస్తే జారదు. ఇంకో సంగతి: రెండు పళ్లేలు పూర్తిగా అతుక్కునేలా కొడితే ‘టక్’మని చచ్చిన చప్పుడు వస్తుంది. అంచులు రవ్వంత తప్పించి, తగిలీ తగలగానే విడిచిపెడితేనే మోగుతుంది. ఎడమచెయ్యి ఎప్పుడూ మెత్తగానే పడుతుంది కాబట్టి ఇంట్లో రెండు నిమిషాలు ఎడమ కుడి ఎడమగా తిప్పి వాయించడం మంచిది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు పై పళ్లెం మీద పిల్లల పాత సాక్సు తొడిగితే కింది ఫ్లోరువాళ్లతో పేచీ ఉండదు.

మూసిన గదిలో డెబ్బై రెండు పళ్లేలు ఒక్కసారిగా మోగితే ఎలా ఉంటుందో నిర్వాహకులు ఆలోచించినట్టు లేదు. చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలు తీసుకెళ్లండి.

రెండో రోజు వేగం కదలికలు. ఈజిప్షియన్ బేసిక్, పివట్ బంప్, అరబిక్, షిమ్మీలు (తుంటి వణుకులు). మొదటి రోజువి కూడా కలిపితే పద్నాలుగు. ఆరు గంటల్లో ఇన్ని ఎవరి ఒంట్లోనూ నిలవవు. నిలవకపోతే ఏమవుతుందో ఆదివారం చివరి నలభై నిమిషాల్లో తేలిపోయింది.

ఈ నాట్యం నడిచే తీరు ఇది. ముగ్గురో నలుగురో ఎడమ మూలకు ఏటవాలుగా తిరిగి నిలబడతారు. అందరికంటే ముందు, ఎడమ కొసన ఉన్న మనిషిదే నాయకత్వం. ఆమె చెయ్యి, తల, భుజం తీరులో ఒక చిన్న మార్పు చేస్తే అదే సైగ. మిగతావాళ్లు తర్వాతి లెక్కలో ఆ కదలికలోకి వెళ్లాలి. చాలా కదలికలు కుడి కాలితో, కుడి తుంటితో మొదలయ్యేది కూడా ఇందుకే. వెనకున్నవాళ్లకు ఆ వైపు కనబడుతుంది. బాగా కుదిరితే చూసేవాళ్లు ఇదంతా నెలల తరబడి సాధన చేసిన కూర్పు అనుకుంటారు.

కుదరకపోవడానికి కారణాలు నాలుగు కనబడ్డాయి. అన్నిటికంటే పెద్దది, సైగ ఆలస్యం. కదలిక ఒకటో లెక్కన మారాలంటే సైగ ఏడు, ఎనిమిది దగ్గరే కనబడాలి. కొత్తవాళ్లు ఒకటి మీదే సైగా ఇచ్చి కదలికా మార్చేస్తారు. రెండో మనిషి మూడు మీద అందుకుంటుంది, మూడో మనిషి ఐదు మీద, నాలుగో మనిషి అందుకునేలోపు నాయకురాలు ఇంకేదో మొదలుపెడుతుంది. రెండోది, వెనకవాళ్లు ముందే ఊహించేయడం. రెండుసార్లు ఈజిప్షియన్ తర్వాత షిమ్మీ వచ్చిందని మూడోసారి సైగ లేకుండానే షిమ్మీలోకి దూకేస్తారు. ఒంటరిగా బెల్లీ డాన్స్ చేసే అలవాటున్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. పైగా అలంకారాలు చేరుస్తారు, పక్కమనిషి ఆ అలంకారాన్ని సైగ అనుకుంటుంది. మూడోది ఎడం. చోటు చాలక పక్కపక్కనే నిలబడితే నాలుగో మనిషికి కనబడేది రెండో మనిషి జడ మాత్రమే. మెట్లమెట్లుగా, ఒకరి మోచెయ్యి దాటి ఇంకొకరి చెయ్యి కనబడేంత ఎడం కావాలి. నాలుగోది అద్దం. గోడంతా అద్దం ఉంటే అందరూ నాయకురాలిని వదిలేసి తమను తాము చూసుకుంటారు. అద్దానికి తెర ఉంది. దాన్ని లాగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు లెక్క. పద్దెనిమిది మందిని మూడు నలుగురి జట్లు, రెండు ముగ్గురి జట్లుగా చేశారు. నేల మీద ఒకేసారి రెండు జట్లకే చోటు. నలభై నిమిషాల్లో జట్టుకు పదహారు నిమిషాలు, నలుగురున్న జట్టులో మనిషికి నాలుగు. అందులోనూ వంతులు మారే సమయం పోతుంది. పద్నాలుగు కదలికల బదులు ఆరు నేర్పి, రెండో రోజు సగం దీనికే ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. పన్నెండు మందికి మించి తీసుకోకపోతే ఇంకా మేలు.

బట్టల విషయంలో నిర్వాహకులు అనవసరపు ఖర్చు పెట్టించారు. బిళ్లలు కుట్టిన తుంటి గుడ్డ తప్పనిసరి అని మెసేజ్ పంపి, గుమ్మం దగ్గర బల్ల మీద అవే అమ్మారు. ఈ శైలిలో వాటి పని లేదు సరికదా, వాటి గలగల్లో జిల్స్ తప్పులు వినబడవు. మొదటి వర్క్‌షాప్‌కు లెగ్గింగ్స్, నడుం కనబడే టాప్, తుంటికి బిగించి కట్టిన చున్నీ చాలు.

ఈ సరదా ముదిరితే మాత్రం పాతిక గజాల లంగా కుట్టించుకోవాల్సిందే. లంబాడీల ఫేటియా, వీపు తాళ్ల కాంచళి చూసినవాళ్లకు ఈ ఆహార్యం కొత్తగా అనిపించదు. ఇందులో రాజస్థాన్, కచ్ పోకడలు దండిగా ఉన్నాయి. దీన్ని అమెరికా నుంచి తెప్పించుకోవడం దండగ. నడుము నుంచి చీలమండ దాకా 36 అంగుళాలనుకుంటే, తొమ్మిదేసి అంగుళాల నాలుగు అంచెలు. కుట్టుతో కలిపి పట్టీ వెడల్పు పది అంగుళాలు. అంచెల పొడవు పైనుంచి కిందికి ఒకటిన్నర, నాలుగు, పది, ఇరవై ఐదు గజాలు. 44 అంగుళాల పన్నాలో నాలుగు పట్టీలు వస్తాయి కాబట్టి మొత్తం గుడ్డ పదిన్నర గజాలు, అంటే పది మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పల్చటి కాటన్ అడగండి. మందం పాప్లిన్ అయితే కుచ్చుల దగ్గర గట్టిపడి, తిరిగినప్పుడు విచ్చుకోదు, బరువుకు నడుం లాగుతుంది. అంచు చీలమండ ఎముక దగ్గరే ఆగాలి. వట్టి కాళ్లతో వెనక్కి అడుగేసినప్పుడు కిందికి ఉన్న అంచు మడమ కిందికి వస్తుంది, పడతారు. దర్జీకి ఇచ్చే ముందు గుడ్డ ఒకసారి తడిపి ఆరేయండి.

స్టూడియో గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చెక్క నేల, ఏసీ బాగున్నాయి. బట్టలు మార్చుకునే గది ఒక్కటే, వరస కట్టాలి. బండ్లు పెట్టుకునే చోటు తక్కువ. హైటెక్ సిటీ మెట్రోలో దిగి ఆటో పట్టుకోవడం నయం. మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ప్రచారం వీడియో తీసే ముందు అడిగి, వద్దన్నవాళ్లను కెమెరాకు ఇవతల నిలబెట్టారు. చివర్లో టీచరు పద్నాలుగు కదలికలూ ఒకసారి చేసి చూపించి రికార్డు చేసుకోనిచ్చారు. ఇంటికెళ్లాక పనికొచ్చేది అదే.

ఆ రికార్డింగ్ చేతిలో ఉంటే, అదే బ్యాచ్‌లోంచి ఇద్దరిని పోగేసుకుని కాలనీ కమ్యూనిటీ హాల్లో వారానికో గంట కేటాయించుకోవచ్చు. నాలుగు కదలికలు, ముగ్గురు మనుషులు, పాటకొకరు ముందు. వర్క్‌షాప్‌లో దొరకని నిమిషాలు అక్కడ దొరుకుతాయి. తర్వాతి బ్యాచ్‌కు డబ్బు కట్టేవాళ్లు మాత్రం ముందు ఫోన్ చేసి, ఎంతమంది వస్తున్నారు, మనిషికి ముందు నిలబడే వంతు ఎన్ని నిమిషాలు అని అడగండి. అటునుంచి ‘చివర్లో రీల్ చేయిస్తాం మేడం’ అని జవాబొస్తే, ఆ 4,500 లంగా గుడ్డకు, మంచి జిల్స్‌కు పెట్టుకోండి.