తక్కువ జీపీఏతో మెడిసిన్‌కి అప్లై చేసేవాళ్ళకి ఎంసార్ ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఆన్‌లైన్‌లో నడిపే కాలేజీల సమాచార సర్వీసు ఎంఎస్ఏఆర్. మెడిసిన్‌కి సిద్ధమయ్యే ప్రీమెడ్ పిల్లలు ఎంసార్ అంటారు. కొంత భాగం ఉచితం. అసలు అంకెలు చూడాలంటే చందా కట్టాలి, ఏడాదికి 30 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. డాక్టర్ డిగ్రీ ఎండీ ఇచ్చే కాలేజీల్లో చేరుతున్నవాళ్ళ సగటు జీపీఏ (4.0కి లెక్కేసే గ్రేడ్ల సగటు) ఈమధ్య 3.8 దరిదాపుల్లో, ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరు 511 పైన ఉంటోంది. 3.0, 3.2 లాంటి జీపీఏ ఉన్నవాళ్ళు ఆ సగటు చూసి దిగాలుపడతారు, లేదంటే పేరున్న కాలేజీలన్నిటికీ పెట్టేసి డబ్బు తగలేస్తారు. ఎంసార్‌ని సరిగ్గా చదివితే ఈ రెండూ తప్పుతాయి.

చందా కట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎంసార్‌లో కనిపించే జీపీఏ మీ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ లెక్క కాదు, అప్లికేషన్ సర్వీసు ఆంకాస్ కట్టే లెక్క. ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి వచ్చి, మళ్ళీ తీసుకుంటే ఏ వచ్చిందనుకోండి. మీ కాలేజీ ఆ డి తీసేసినా ఆంకాస్ తీయదు, రెండూ లెక్కలోకి వస్తాయి. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సులూ వస్తాయి. మన పిల్లలు వీటిని విరివిగా తీసుకుని, అక్కడ వచ్చిన సి సంగతి మరిచిపోతుంటారు. ఏ ప్లస్‌కి 4.0 మించి ఇవ్వరు. ఇక బీసీపీఎం అనే సైన్స్ జీపీఏలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మాత్రమే ఉంటాయి. స్టాటిస్టిక్స్ మ్యాథ్స్ కింద చేరుతుంది, కంప్యూటర్ సైన్స్ చేరదు. సీఎస్ మేజర్‌లో వచ్చిన ఏలు మొత్తం జీపీఏని లేపుతాయి గానీ సైన్స్ జీపీఏని కదపవు. ఈ రెండు అంకెలూ స్ప్రెడ్‌షీట్‌లో కట్టుకున్నాకే ఎంసార్ తెరవండి.

ప్రతి కాలేజీ పేజీలో జీపీఏకీ ఎంక్యాట్‌కీ ఒక గీత ఉంటుంది. దాని మీద 10, 25, 50, 75, 90 పర్సెంటైల్ స్థానాలు చూపిస్తారు. అందరి కళ్ళూ మధ్యలో ఉన్న మీడియన్ మీద పడతాయి. జీపీఏ తక్కువున్నవాళ్ళు చూడాల్సింది ఎడమ చివర ఉన్న పదో పర్సెంటైల్. ఒక కాలేజీ మీడియన్ 3.85, పదో పర్సెంటైల్ 3.45 అనుకుందాం. అంటే ప్రతి పదిమందిలో ఒకరు 3.45 కన్నా తక్కువతోనే లోపలికి వెళ్ళారు. మీకు 3.25 ఉంటే ఆ తలుపు పూర్తిగా మూసిలేదు, కానీ ఆ ఒక్కరిలో మీరుండాలి. ఇంకో కాలేజీలో మీడియన్ అంతే ఉండి పదో పర్సెంటైల్ 3.65 ఉంటే దాన్ని లిస్టులోంచి తీసేయొచ్చు. రెండు కాలేజీల మీడియన్ ఒకటే అయినా, కింది అంచుల మధ్య ఇంత తేడా ఉండొచ్చని చూపించడమే ఎంసార్ గొప్పతనం. ఇది ఒక్కటి చాలు, పెట్టిన డబ్బు గిట్టుబాటు అయినట్టే.

అయితే ఆ కింది పదో వంతులో ఎవరున్నారో మాత్రం చెప్పదు. సొంత మాస్టర్స్ ప్రోగ్రామ్ నుంచి నేరుగా తీసుకున్నవాళ్ళు కావచ్చు, ఎంక్యాట్ 518 తెచ్చుకున్నవాళ్ళు కావచ్చు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు కావచ్చు. జీపీఏ గీత, ఎంక్యాట్ గీత విడివిడిగా ఉంటాయి తప్ప, తక్కువ జీపీఏవాళ్ళకి ఎంక్యాట్ ఎంత వచ్చిందో తెలియదు. ఈ లోటుని కొంత పూడ్చేది ఏఏఎంసీ ఉచితంగా పెట్టే ఏ-23 పట్టిక. అడ్డంగా ఎంక్యాట్, నిలువుగా జీపీఏ, ప్రతి గడిలో ఎంతమంది అప్లై చేస్తే ఎంతమందికి సీటొచ్చిందో ఉంటుంది. అది దేశం మొత్తానిది, కాలేజీవారీ కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఎంసార్ చూపించలేని రెండోది ట్రెండ్. మొదటి రెండేళ్ళు 2.5 ఉండి, చివరి రెండేళ్ళు 3.8 ఉన్న విద్యార్థీ, నాలుగేళ్ళూ 3.15 ఉన్న విద్యార్థీ ఆ గీత మీద ఒకే చోట ఉంటారు. అడ్మిషన్ కమిటీకి వాళ్ళిద్దరూ ఒకటి కాదు. ఆంకాస్ జీపీఏని ఏడాదివారీగా విడదీసి పంపుతుంది కాబట్టి పైకెక్కిన వైనం కమిటీకి కనిపిస్తుంది.

ఇక్కడ జీపీఏని పైకి లేపే లెక్క తెలియాలి. 120 క్రెడిట్లకి 2.9 ఉందనుకోండి, మొత్తం 348 పాయింట్లు. డిగ్రీ అయ్యాక పోస్ట్‌బ్యాక్‌గా, అంటే మళ్ళీ డిగ్రీ స్థాయి కోర్సులుగా, 30 క్రెడిట్లు అన్నీ ఏలతో చేస్తే మరో 120 పాయింట్లు. మొత్తం 468ని 150తో భాగిస్తే 3.12. ఏడాది కష్టానికి ఇంతేనా అనిపిస్తుంది. సైన్స్ జీపీఏ సంగతి వేరు. 40 క్రెడిట్లకి 2.7 ఉంటే 108 పాయింట్లు, ఆ 30 క్రెడిట్లూ సైన్స్‌వే అయితే 228ని 70తో భాగించాలి, 3.26 వస్తుంది. అందుకే కొత్త కోర్సులు బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, జెనెటిక్స్, మైక్రోబయాలజీ లాంటి పై స్థాయి సైన్స్‌లో పడాలి. మాస్టర్స్ చేస్తే ఆ మార్కులు విడిగా గ్రాడ్యుయేట్ జీపీఏగా పడతాయి, డిగ్రీ జీపీఏ అంగుళం కదలదు. స్పెషల్ మాస్టర్స్ అని పిలిచే ప్రోగ్రాముల్లో మెడికల్ కాలేజీ స్థాయి కోర్సులు ఉంటాయి, జార్జ్‌టౌన్, బోస్టన్ యూనివర్సిటీలవి బాగా తెలిసినవి. అక్కడ రాణిస్తే బలమైన రుజువు. కానీ అక్కడ కూడా బీలు, సీలు వస్తే ఆ మచ్చని తర్వాత దేనితోనూ చెరపలేరు. జీపీఏ 3.0 కింద ఉంటే ముందు పోస్ట్‌బ్యాక్, ఆ తర్వాతే మాస్టర్స్ ఆలోచించడం మంచిది.

అంకెల గీత తర్వాత ఎంసార్‌లో విలువైనది ఇన్‌స్టేట్, అవుట్ ఆఫ్ స్టేట్, ఇంటర్నేషనల్ పట్టిక. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందిని ఇంటర్వ్యూకి పిలిచారు, ఎంతమంది చేరారు అన్నది మూడు వరసల్లో ఉంటుంది. పిలిచినవాళ్ళని అప్లై చేసినవాళ్ళతో భాగించి చూడండి. నార్త్ కరోలినాలోని బ్రోడీ కాలేజీ, మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ సొంత రాష్ట్రంవాళ్ళనే తీసుకుంటాయి. అలాంటి కాలేజీలో పదో పర్సెంటైల్ ఎంత కిందున్నా బయటివాళ్ళకి ఒరిగేదేమీ లేదు. తల్లిదండ్రుల హెచ్1బీ మీద వచ్చే హెచ్4 డిపెండెంట్ వీసాతో పెరిగిన మన పిల్లల్ని చాలా కాలేజీలు ఇంటర్నేషనల్ కిందే లెక్కేస్తాయి కాబట్టి, ముందు ఇంటర్నేషనల్ విద్యార్థుల్ని తీసుకుంటారా అనే ఫిల్టర్ పెట్టాకే మిగతావి చూడాలి. ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడి మార్కుల్ని ఆంకాస్ జీపీఏలో కలపదు. ఇక్కడ తీసుకున్న కోర్సులే ఆ జీపీఏ అవుతాయి.

ప్రతి కాలేజీ పేజీలో ఏ కోర్సుకి ల్యాబ్ కావాలి, కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు, ఆన్‌లైన్ కోర్సులు, హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలతో వచ్చిన ఏపీ క్రెడిట్లు ఒప్పుకుంటారా, ఎంక్యాట్ ఎన్నేళ్ళ పాతదైనా పరవాలేదు అన్నవి కూడా ఉంటాయి. పోస్ట్‌బ్యాక్‌ని కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా చేద్దామనుకునేవాళ్ళు ట్యూషన్ కట్టే ముందు ఈ భాగం చదవాలి.

ఎంసార్‌లో దొరకనివి డీఓ, అంటే ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ ఇచ్చే కాలేజీలు. జీపీఏ తక్కువున్నవాళ్ళకి ఈ లోటు పెద్దదే. వాటి సగటు అంకెలు ఎండీ కన్నా కొంచెం తక్కువ, రెండు డిగ్రీలతోనూ పూర్తిస్థాయి డాక్టరే అవుతారు. వాటి సమాచారం చూజ్ డీఓ ఎక్స్‌ప్లోరర్‌లో ఉచితంగా ఉంది. డీఓ అప్లికేషన్ సర్వీసులో మళ్ళీ తీసుకున్న కోర్సు పాత గ్రేడ్‌ని తుడిచేస్తుందని ఇంకా చెప్పేవాళ్ళున్నారు. ఆ పద్ధతి 2017లోనే పోయింది. టెక్సస్‌లో మాత్రం ఫ్రెష్ స్టార్ట్ అని ఒక చట్టం ఉంది. పదేళ్ళు దాటిన పాత క్రెడిట్లని మంచివీ చెడ్డవీ కలిపి మొత్తంగా వదిలేసుకునే అవకాశం అందులో ఉంటుంది.

25 కాలేజీలకి పెడితే ఆంకాస్ ఫీజే 1,250 డాలర్లు దాటుతుంది, ఆ తర్వాత ఒక్కో కాలేజీ విడిగా పంపే సెకండరీ అప్లికేషన్లకి ఒక్కోదానికీ వంద అటూఇటూ అదనం. లిస్టులోంచి నాలుగు పనికిరాని కాలేజీలు తీసేసినా చందా డబ్బు పదింతలై తిరిగొచ్చినట్టే. వేలు పోసి కన్సల్టెంట్‌ని పెట్టుకునేవాళ్ళు కూడా ముందు దీన్ని కొనుక్కుని, సొంత లిస్టు రాసుకుని వెళ్ళడం మంచిది. ఆంకాస్ మే నెల మొదట్లో తెరుచుకుంటుంది, ఎంసార్ అంకెలు ఆ సీజన్‌కి ముందు కొత్తవి పెడతారు. వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్ళు చలికాలంలో తొందరపడి చందా కట్టకుండా కొత్త అంకెలు వచ్చాకే కట్టండి. పోస్ట్‌బ్యాక్ ఇంకా మొదలే పెట్టనివాళ్ళకి ప్రస్తుతానికి ఏ-23 పట్టిక, సొంత స్ప్రెడ్‌షీట్ చాలు.