మైగ్రేన్‌కు సహజ ఉపాయాలు: మూడేళ్ల వాడకం తర్వాత నిలిచినవి, వదిలేసినవి

పార్శ్వపు నొప్పికి ఇంట్లో చేసుకునే ఏ ఉపాయాన్నైనా తూచే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మైగ్రేన్ వచ్చిందంటే, ఏ మందూ వేసుకోకపోయినా 4 గంటల నుంచి 72 గంటల లోపు దానంతట అదే దిగిపోతుంది. అంటే రెండో రోజు సాయంత్రం ఏ ఆకు కట్టినా, ఏ నూనె మర్దన చేసినా తెల్లారేసరికి తల తేలికపడుతుంది. పేరు మాత్రం ఆ ఆకుకు వస్తుంది. ఫలానా పసరుతో ఠక్కున పోయిందని చెప్పుకునే మాటల వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. అందుకని ఇక్కడ కొలబద్దలు రెండే పెట్టుకున్నాను. నొప్పి మొదలైన అరగంటలో వాడితే రెండు గంటల్లో లేచి పని చేసుకోగలిగేంత తగ్గాలి. లేదా మూడు నెలలు వాడితే నెలలో నొప్పి రోజులు తగ్గాలి. ఈ రెండింట్లో ఏదీ జరగకపోతే అది ఎంత పాత వైద్యమైనా పక్కన పెట్టాల్సిందే.

లెక్కకు గోడ మీద క్యాలెండర్ చాలు. మంచం పట్టిన రోజుకు ఎర్ర చుక్క, ఓర్చుకుని పని చేసుకున్న రోజుకు నీలం చుక్క, మాత్ర వేసుకుంటే పక్కన ఒక గీత. ఆడవాళ్లయితే నెలసరి మొదలైన తేదీని చుట్టి పెట్టుకోవాలి. ఆ తేదీకి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా చుక్కలు గుంపుగా పడుతుంటే, అది హార్మోన్ దిగడం వల్ల వచ్చే నొప్పి. దాన్ని తిండి మీద, ఎండ మీద నెట్టి ప్రయోజనం లేదు. ఏ ఉపాయమైనా మొదలుపెట్టే ముందు ఒక నెల ఖాళీగా చుక్కలు పెట్టాలి. ఆ నెల లేకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

నొప్పి మొదలయ్యాక వాడేవాటిలో మొదటి స్థానం ఐసు కాపడానిదే. దీన్ని చాలామంది నుదుటి మీద పెట్టుకుని, రెండు నిమిషాలకే తీసేసి, పనిచేయలేదంటారు. పెట్టాల్సింది మెడ మీద. మెడ ముందు భాగంలో, గొంతుకు రెండు పక్కలా వేలు ఆనిస్తే నాడి కొట్టుకునే చోట తలకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలుంటాయి. 2013లో హవాయిలో జరిగిన చిన్న పరీక్షలో అక్కడే చల్లటి పట్టీ చుట్టి చూశారు. అరగంటకు నొప్పి తగ్గినట్టు తేలింది. ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది: చేతిరుమాళ్లు రెండు తడిపి, పిండి, మెడకు సరిపడే పొడవున మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో ఉంచాలి. రేకులా బిగుసుకోకుండా గంటకోసారి వంచితే మెడ చుట్టూ సరిగ్గా అమరుతుంది. వాడేటప్పుడు పొడిగుడ్డ ఒక మడత చుట్టి 15 నిమిషాలు ఉంచాలి, 20 దాటనివ్వకూడదు. తర్వాత అంతే సేపు విరామం ఇచ్చి రెండోది. గుడ్డ లేకుండా నేరుగా పెడితే చర్మం ఎర్రబడి పొక్కుతుంది. కణత దగ్గర నరం పోటెత్తడం మొదలైన తొలి అరగంటలో పెడితే పదిసార్లకు ఆరుసార్లు మాత్ర అవసరం పడలేదు. వాంతులు మొదలయ్యాక పెడితే చల్లదనం హాయిగా ఉండడం తప్ప పెద్ద తేడా లేదు.

దీనికి పూర్తిగా ఎదురు పని ఆవిరి పట్టడం. తల వంచితే బరువుగా ఉంది, ముక్కు కారుతోంది, కంటి కింద నొప్పి, కాబట్టి సైనస్ అనుకుని గిన్నెలో వేడినీళ్లు పోసుకుని దుప్పటి కప్పుకుంటారు. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, కళ్లు తడి అవుతాయి. సైనస్ అని తమకు తామే పేరు పెట్టుకున్న నొప్పుల్లో చాలావరకు మైగ్రేనే. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు: వెలుతురు చూడలేకపోవడం, కడుపులో తిప్పడం, మెట్లెక్కితే పోటు పెరగడం ఉంటే అది మైగ్రేన్. జ్వరం, చిక్కటి పసుపు చీమిడి ఉంటే సైనస్ సంగతి ఆలోచించాలి. మైగ్రేన్‌లో వేడి ఆవిరి పడితే పోటు రెట్టింపైన సందర్భాలే ఎక్కువ. అందులో జండూబామో, పసుపో వేస్తే ఆ ఘాటు ఇంకో దెబ్బ.

వెలుతురు విషయం. గది చీకటి చేసుకోవడం అందరికీ తెలిసిందే. 2016లో హార్వర్డ్ పరిశోధకులు రంగులు వేరుచేసి చూస్తే, నీలం, తెలుపు, ఎరుపు వెలుగులు నొప్పిని పెంచాయి, సన్నటి ఆకుపచ్చ వెలుగు మాత్రం అంతగా పెంచలేదు. మన ఇళ్లలో పడకగదికి పెట్టే ఆకుపచ్చ జీరో బల్బు ఆ పరీక్షలో వాడిన దీపం కాదు. కానీ చంటిపిల్లలున్న ఇంట్లో పూర్తి చీకటి కుదరనప్పుడు ట్యూబ్‌లైట్ కంటే అది ఎన్నో రెట్లు నయం.

ఇక శొంఠి. రెండు రకాలుగా వాడతాం: పూయడానికి, తాగడానికి. పూతకు సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి శొంఠికొమ్మును ఒకే వైపు గుండ్రంగా అరగదీయాలి. గంధం జారిపోకుండా, వేలికి అంటుకుని నిలిచేంత చిక్కగా రావాలి. నుదుటికి, కణతలకు పలచగా రాసి పది నిమిషాలకు తడిగుడ్డతో తుడిచెయ్యాలి. పొడిని నీళ్లలో కలిపి రాస్తే నలకలు కంట్లో పడతాయి, మంట ఆగదు. ఎండిపోయేదాకా ఉంచితే చర్మం కందిపోయి మర్నాటికి నల్లబడుతుంది. నా తీర్పు ఏమిటంటే, పూత పైమంటతో దృష్టి మళ్లిస్తుంది అంతే, లోపలి పోటు ఆపదు. మామూలు తలనొప్పికి సరే, మైగ్రేన్‌కు రెండో వరస.

తాగే శొంఠి మాత్రం వేరే కథ. 2014లో ఇరాన్‌లో 100 మంది మీద శొంఠిపొడిని మైగ్రేన్‌కు డాక్టర్లు రాసే సుమట్రిప్టాన్ మాత్రతో పోల్చి చూశారు. రెండు గంటల్లో ఉపశమనం ఇంచుమించు ఒకేలా ఉందని ప్రకటించారు. ఉత్తుత్తి మాత్రతో పోల్చలేదు కాబట్టి దాన్ని చివరి మాటగా తీసుకోను. కానీ వికారానికి అల్లం పని చేస్తుందన్నది గట్టి సంగతి, మైగ్రేన్‌లో సగం బాధ వికారమే. అర చెంచా శొంఠిపొడి 150 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు నిమిషాలు మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా గుక్కగుక్కగా తాగాలి. బెల్లం కొంచెం వేసుకోవచ్చు, పాలు వద్దు. పరగడుపున చిక్కగా తాగితే గుండెల్లో మంట. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా రోజూ తాగకూడదు. ఇంకో మంచి ఉపయోగం ఉంది: మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. అందుకే మాత్ర వేసుకోవాలనుకుంటే వాంతి దాకా ఆగకుండా తొలి గంటలోనే వేసుకోవాలి. శొంఠినీళ్లు దానికి తోడు.

తలనొప్పి అనగానే మన ఇళ్లలో చేయి వెళ్లేది అమృతాంజనం సీసా మీదికే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ లేపనం తెలుగువాళ్లకు ఇంటి మనిషి లాంటిది. ఇలాంటి బామ్‌లలో మెంథాల్, కర్పూరం చల్లదనాన్నిస్తాయి. మెడ, భుజాలు పట్టేసినప్పుడు చాలా బాగా పనిచేస్తాయి. మైగ్రేన్‌లో చిక్కు వాసనతోనే. ఘాటైన వాసన భరించలేని రోగులకు అది నుదుటి మీద ఉంటే వాంతి తప్పదు. ముక్కుకు దూరంగా, మెడ వెనక గుంటలో మాత్రమే బఠాణీ గింజంత రాసుకోవడం మేలు.

కాఫీ మందూ అవుతుంది, జబ్బూ అవుతుంది. మొదట్లో ఒక కప్పు స్ట్రాంగ్‌గా తాగితే తగ్గుతుంది, నిజమే. కానీ రోజూ నాలుగు కప్పులు అలవాటైన మనిషి ఆదివారం ఆలస్యంగా లేస్తే, చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల మధ్య నొప్పి పట్టుకుంటుంది. సెలవురోజు తలనొప్పికి సగం కారణం ఇది, మిగతా సగం అతినిద్ర. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా, అంటే సుమారు రెండు కప్పులు, ప్రతిరోజూ ఒకే వేళకు తాగడం మంచిది. మానాలనుకుంటే వారానికి అరకప్పు చొప్పున తగ్గించాలి, ఒక్కసారి వద్దు.

ఇప్పటిదాకా చెప్పినవి వచ్చిన నొప్పికి. చుక్కలను నిజంగా తగ్గించేది మాత్రం వేళ తప్పని బతుకు. మైగ్రేన్ ఉన్న మెదడు మార్పును ఓర్చుకోదు: తిండి వేళ మారినా, నిద్ర తగ్గినా పెరిగినా, ఎండలోంచి ఒక్కసారిగా ఏసీ గదిలోకి వచ్చినా పట్టుకుంటుంది. శివరాత్రి చూడండి: పగలు ఉపవాసం, రాత్రి జాగరణ, చుట్టూ అగరుధూపం. మూడు కారణాలు ఒకే రోజున. ఉపవాసం మానలేనివాళ్లు పూర్తిగా కడుపు మాడ్చకుండా మూడు గంటలకోసారి మజ్జిగ, పళ్లు, నానబెట్టిన బాదం తీసుకోవాలి. కాఫీ అలవాటుంటే ఆ రోజూ వేళకు తాగాలి. మామూలు రోజుల్లో అల్పాహారం లేచిన గంటన్నర లోపు, భోజనానికీ భోజనానికీ మధ్య నాలుగైదు గంటలకు మించకుండా. ఇందులో ఖర్చు ఒక్క రూపాయి లేదు, క్యాలెండర్ మీద కనిపించిన తేడా మాత్రం అన్నింటికంటే పెద్దది.

తలస్నానం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది విదేశీ జాబితాల్లో సాధారణంగా కనిపించదు. ముంబయికి చెందిన తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ 2006లో, తలంటుకోగానే మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయ రోగుల గురించి వైద్యపత్రికలో రాశారు. పొడుగు జుట్టున్న ఆడవాళ్లు ఏళ్ల తరబడి చెప్పేది ఇదే, ఇంట్లోవాళ్లు వంకలు అని కొట్టిపారేసేదీ ఇదే. చేసుకోవాల్సిన మార్పులు చిన్నవి. పరగడుపున తలస్నానం వద్దు, ఏదైనా తిన్న గంటకు చేయాలి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. తడిజుట్టును ముడేసి గంటల తరబడి ఉంచకుండా పలచటి నూలు తువ్వాలుతో వెంటనే పిండి ఆరబెట్టాలి. సాంబ్రాణి పొగ వేసుకోవద్దు, ఆ పొగే సగం మందికి అసలు కారణం కావచ్చు. ఒక నెల పొగ మానేసి చుక్కలు చూస్తే తేలిపోతుంది.

మాత్రల రూపంలో తీసుకునే సహజ పదార్థాల్లో నిలిచింది మెగ్నీషియం. రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు, కనీసం మూడు నెలలు. ఇక్కడే జనం మోసపోయేది: సీసా మీద మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు మెగ్నీషియం 140కి మించదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఎలిమెంటల్ అని రాసిన అంకె చూడాలి. చవగ్గా దొరికే ఆక్సైడ్ రకం విరేచనాలు పట్టిస్తుంది. 200తో మొదలుపెట్టి, రాత్రి భోజనం తర్వాత వేసుకుంటూ పదిరోజులకోసారి పెంచితే కడుపు సర్దుకుంటుంది. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, గర్భిణులు డాక్టరు చెబితేనే. గుప్పెడు వేయించిన గుమ్మడి గింజల్లో, అంటే 28 గ్రాముల్లో, 150 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రాగిజావ, బాదం, పాలకూర తోడైతే మాత్ర మోతాదు తగ్గించుకోవచ్చు.

రిబోఫ్లేవిన్, అంటే బి2, రోజుకు 400 మిల్లీగ్రాములు అని పరిశోధనల్లో ఉంది. మామూలు బి కాంప్లెక్స్ మాత్రలో ఉండేది 10 మిల్లీగ్రాముల దగ్గరే, కాబట్టి అది మింగి ఫలితం లేదనడం న్యాయం కాదు. మూత్రం పచ్చగా నిమ్మపండు రంగులో వస్తే భయపడక్కర్లేదు.

యోగాకు మంచి ఆధారం మన దగ్గరే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 2020లో ప్రకటించిన అధ్యయనంలో మందులతో పాటు యోగా చేసినవాళ్లకు నెలలో నొప్పులు సగటున 9.1 నుంచి 4.7కు దిగాయి. మందులు మాత్రమే వాడినవాళ్లకు 7.7 నుంచి 6.8కి. మందులు మానేసి చేసింది కాదన్నది గమనించాలి. మొదటి నెల వారానికి మూడు రోజులు గంట చొప్పున నేర్పించి, తర్వాత రెండు నెలలు ఇంట్లో వారానికి ఐదు రోజులు చేయించారు. నొప్పి ఉన్న రోజున తల కిందికి వంచే ఆసనాలు, కపాలభాతి వద్దు. శవాసనం, నెమ్మదిగా ఊపిరి వదలడం చాలు.

వదిలేసినవాటిలో మొదటిది జిల్లేడు. పొద్దుతో పాటు పెరిగే నొప్పికి జిల్లేడు చిగుళ్లు బెల్లంలో చుట్టి మింగించే ఆచారం పల్లెల్లో ఇంకా ఉంది. జిల్లేడు విషం, పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. దయచేసి ఎవరికీ చెప్పకండి. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చడం కూడా మానేయాల్సిందే. బటర్‌బర్ అనే విదేశీ మూలికను ఒకప్పుడు అమెరికా నరాల వైద్యుల సంఘం మెచ్చుకుంది, కాలేయానికి ప్రమాదమని తెలిశాక 2015లో ఆ సిఫారసును వెనక్కి తీసుకుంది. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ అమ్ముతున్నారు, కొనకండి.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చేయో కాలో వశం తప్పడం, 50 ఏళ్లు దాటాక మొదటిసారి వచ్చే తలనొప్పి, వీటికి శొంఠీ వద్దు ఐసూ వద్దు, నేరుగా ఆసుపత్రికే. కళ్ల ముందు మెరుపుగీతలు కనిపించే రకం మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

చివరగా క్యాలెండర్ మీద ఆ గీతల సంగతి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు, అంటే సుమట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మాత్రలు గానీ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు గానీ 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. అప్పుడు ఏ సహజ ఉపాయమూ పని చేయదు, మెగ్నీషియం దండగ అనిపిస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో ముందు ఆ మాత్రలు తగ్గించాలి. మొదటి పదిరోజులు నొప్పి ఎక్కువవుతుంది, ఎర్ర చుక్కలు వరుసగా పడతాయి. ఆ రోజుల్లో ఫ్రిజ్‌లో రెండు కాదు, నాలుగు రుమాళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. లెక్క మాత్రం ఆ నెలది వదిలేసి, పై నెల ఒకటో తేదీ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.