ఎగ్మూర్‌లో ఎం.డి.నా, ప్రైవేటులో డీఎన్‌బీనా: చెన్నైలో పిల్లల వైద్యం చదవడానికి ఏది మేలు?

నీట్ పీజీ కౌన్సెలింగ్ దగ్గరపడిందంటే చాలు, నెల్లూరు, తిరుపతి, కర్నూలు జూనియర్ల నుంచి ఒకటే ప్రశ్న. "అక్కా, చెన్నైలో పీడియాట్రిక్స్‌కి ఎక్కడ ఆప్షన్ పెట్టాలి?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పలేక ఇలా రాసేస్తున్నా.

ఎం.డి. మెడికల్ కాలేజీల్లో చేసే పీజీ, డీఎన్‌బీ నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ. రెండూ మూడేళ్ల కోర్సులే. థీసిస్, మూడు నెలల జిల్లా ఆసుపత్రి పోస్టింగ్ రెండిట్లోనూ తప్పవు. డిగ్రీ పేరు మీద మీ మేనమామ పెట్టే పేచీని పక్కన పెట్టండి.

ఎగ్మూర్ అంటే మద్రాస్ మెడికల్ కాలేజీ కింద ఉన్న ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్. కేసులకు కొదవ లేదు. తడ, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే పిల్లలూ తగులుతారు కాబట్టి తమిళం పట్టుబడేదాకా మన తెలుగు కొంత ఆదుకుంటుంది. మొదటి ఏడాది నిద్ర మీద ఆశ వదులుకోండి. చేయి మాత్రం బాగా తిరుగుతుంది.

ప్రైవేటునంతా ఒకే గాటన కట్టకండి. నుంగంబాక్కంలోని కంచి కామకోటి చైల్డ్స్ ట్రస్ట్ లాంటి, పిల్లల కోసమే ఉన్న ఆసుపత్రి వేరు. పెద్ద కార్పొరేట్‌లో పిల్లలకిచ్చిన ఒక అంతస్తు వేరు. ల్యాబ్, స్కాన్ల కోసం పడిగాపులు తక్కువ. కానీ బిల్లు కట్టే తండ్రి "పెద్ద డాక్టరే చేయాలి" అంటే సూది మీ చేతికి రావడం ఆలస్యమవుతుంది.

ఇవన్నీ సర్దుకునేవే. నా లెక్కలో తేల్చే విషయం ఒక్కటే: మీ కన్సల్టెంట్లు, అంటే మీకు నేర్పే పెద్ద డాక్టర్లు, ఆసుపత్రిలోనే ఉండేవాళ్లా, పొద్దున ఒక రౌండ్ కొట్టి సొంత క్లినిక్‌కి వెళ్లిపోయేవాళ్లా?

డెంగీ సీజన్‌లో ఓ రాత్రి నా దగ్గర పీజీ చేస్తున్న ఒకమ్మాయి బీపీ 90/72 అని రాసి, "స్టేబుల్ మేడమ్" అంది. పై అంకె చూసి ధైర్యపడింది. రెండు అంకెల మధ్య తేడా 20 లోపుకు వచ్చిందంటే డెంగీలో అది షాకే, అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోతున్నట్టే. పుస్తకంలో ఆ అమ్మాయీ చదివింది. బిడ్డ పాదం పట్టుకుని చూడమన్నాను. చల్లగా ఉంది. ఫ్లూయిడ్ ఎక్కించి, నాడి నిండుగా కొట్టేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. నేను అక్కడ లేకుండా తెల్లారాక ఫోన్‌లో చెప్పి ఉంటే ఆ అమ్మాయికి అక్షింతలు పడేవి తప్ప పాఠం అందేది కాదు.

అమెరికాలో ఇలా వార్డునే అంటిపెట్టుకుని ఉండే పిల్లల వైద్యుల పనిని 2016లో ప్రత్యేక సబ్‌స్పెషాలిటీగా గుర్తించి, 2019లో మొదటి బోర్డు పరీక్ష పెట్టారు. మన దగ్గర ఆ పేరుతో డిగ్రీ లేదు గానీ ఆ పని చేసేవాళ్లున్నారు. అలాంటివాళ్లు నలుగురున్న యూనిట్ దొరికితే, బోర్డు మీద పేరు ఎంత చిన్నదైనా, నేను ముందు అక్కడికే వెళ్తా. ఎగ్మూర్ అయినా యూనిట్‌ని బట్టే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పీజీలు సబ్జెక్టును చూసి భవిష్యత్తు ఎంచుకోరు, సార్‌ని చూసి ఎంచుకుంటారు. పగలూ రాత్రీ ఐసీయూ డాక్టర్నే చూస్తుంటే బ్యాచ్‌లో సగం మంది నియోనేటాలజీ (నవజాత శిశువుల వైద్యం), క్రిటికల్ కేర్ అంటారు. వాటికి చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సులు డీఎం, డీఆర్‌ఎన్‌బీ అంటే ఇంకో మూడేళ్లు. తీరా ఒంగోలులోనో మదనపల్లిలోనో క్లినిక్ పెట్టాక వచ్చేది వెంటిలేటర్ కేసు కాదు. "పాలు సరిపోవట్లేదండీ" అనే తల్లి, టీకాల కార్డు పారేసుకున్న నాన్నమ్మ. అది నేర్పేది ఓపీ. ఆ లెక్కన ఎగ్మూర్ ఓపీ రద్దీయే మంచి బడి. సొంతూరికి వెళ్లిపోవాలనే గట్టి నిర్ణయం ఉంటే నా సలహా తిరగేసి అదే మొదట పెట్టండి. బాండు (కోర్సయ్యాక ప్రభుత్వ సేవ చేస్తామనే ఒప్పందం) షరతులు మాత్రం చేరకముందే చదవండి.

డీసీహెచ్, అంటే పిల్లల వైద్యంలో డిప్లొమా సంగతంటారా, రెండేళ్లు. వేరే సీటు రాకపోతే తీసుకోండి, తర్వాత ఇంకో రెండేళ్లలో డీఎన్‌బీ చేయొచ్చు.

ఆప్షన్లు లాక్ చేసేముందు ఒక పూట వెళ్లి సెకండియర్ పీజీని క్యాంటీన్‌లో పట్టుకోండి. హెచ్‌ఓడీని (విభాగం హెడ్‌ని) అడిగితే అంతా బాగుందనే చెబుతారు. రాత్రి రెండింటికి బిడ్డకు శ్వాస ట్యూబ్ వేయాల్సి వస్తే పక్కన ఎవరుంటారో, కిందటి బ్యాచ్ వాళ్లు ఇప్పుడెక్కడున్నారో అడగండి. మొదటిదానికి "ఫోన్ చేస్తాం అక్కా" అంటే, ఆ ఆప్షన్‌ను కిందికి జరపండి.