ఎండకు ఆగిపోయే పాత కారు: ముందు పెట్రోలు చూడాలా, స్పార్కు చూడాలా?

మిట్టమధ్యాహ్నం, ట్రాఫిక్ మధ్యలో కారు ఆగిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. చిక్కంతా అక్కడే. మెకానిక్ దగ్గరికి చేరేసరికి బండి చల్లబడి బుద్ధిగా నడుస్తుంటే ఆయన మాత్రం ఏం పట్టుకోగలడు? అందాజుగా ఏదో ఒక పార్టు మారుస్తాడు. నా కారుకు అలాగే ప్లగ్గులు, ఫిల్టరు, ఆఖరికి పెట్రోలు పంపు కూడా మార్చారు. మర్నాడు ఎండలో మళ్లీ ఆగింది.

అందుకే చెబుతున్నాను, బండి వేడిగా ఉండి స్టార్ట్ కాని ఆ పది నిమిషాలే పరీక్షకు సరైన సమయం. ముందుగా టెంపరేచర్ ముల్లు చూడండి. అది ఎర్రగీత దగ్గరుంటే అసలు సమస్య కూలింగ్‌లో ఉంది. ఇంజిన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. ముల్లు మామూలుగానే ఉంటే మిగిలేవి ముఖ్యంగా రెండు దారులు, పెట్రోలు అందకపోవడం లేదా దాన్ని మండించే స్పార్కు రాకపోవడం.

ఆగే తీరులోనే సగం జవాబు దొరుకుతుంది. స్పార్కు పోతే ఎవరో తాళం తిప్పేసినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే ముందు జర్కులు వస్తాయి, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ ఉండదు, ఆ తర్వాతే ఆగుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గ గుర్తు కాదు గానీ, ఎటు వెతకాలో చెబుతుంది.

ఇంజెక్షన్ కారైతే (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే కారు) ముందు స్పార్కు వైపు చూడటమే మేలని నా అభిప్రాయం. మొదటి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు పైపు విప్పే ప్రమాదమూ లేదు. సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లును చూడండి. చాలా కార్లలో అది కొద్దిగా లేవాలి. నా కారులో ఇంజిన్ తిరుగుతున్నా ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టి స్పార్కుకు సమయం అందించే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం వచ్చి, చేతికి గ్లోవ్ వేసుకుని తడిగుడ్డ దాని మీద పెట్టాను. కాసేపటికి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. సెన్సర్ లోపలి సన్నని తీగచుట్టలో ఎక్కడో చీలిక ఉంటే వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. స్పార్కుకు హై వోల్టేజ్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది, పాతబడిన ఆ కాయిల్‌ కూడా ఇలాగే చేయొచ్చు. తడిగుడ్డ పెట్టేటప్పుడు సైలెన్సర్ మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే వేడి గొట్టం) మీద నీళ్లు పడనివ్వకండి, అది పగలొచ్చు.

ఆర్‌పీఎం ముల్లు లేస్తుంటే పెట్రోలు పంపు వైపు వెళ్లండి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు దగ్గర రెండు సెకన్లు సన్నని గుయ్యిమనే శబ్దం రావాలి. రాకపోతే పంపు మార్చేముందు దానికి కరెంటు అందించే రిలే (చిన్న డబ్బా లాంటి స్విచ్) తీసి, అదే నంబరున్న ఇంకో రిలే, ఉదాహరణకు హారన్‌ది, పెట్టి చూడండి. రిలే లోపలి టంకం చీలినా వేడికి ఇదే కథ.

కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు పరికరం) ఉన్న కారుకు మాత్రం వరస తిరగబడుతుంది, ముందు పెట్రోలే. ఇంజిన్‌కు బిగించిన పంపు ట్యాంకు నుంచి పీల్చి లాగుతుంది. ఆ పీల్చే పైపులో ఒత్తిడి తగ్గి, వేడికి పెట్రోలు ఆవిరవుతుంది. పంపుకు ఆవిరిని లాగడం చేతకాదు. పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, యాక్సిలరేటర్ తీగ తగిలించిన థ్రాటిల్ లివర్ లాగితే కార్బురేటర్ గొంతులోకి పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. చిమ్మితే పెట్రోలు ఉన్నట్టే, స్పార్కు చూడండి. చిమ్మకపోతే కార్బురేటర్ ఎండిపోయింది. దగ్గర్లో ఎవరూ సిగరెట్ వెలిగించకూడదు.

దీనికి చాలామంది వెంటనే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టిస్తారు. అది నెట్టుతుంది కాబట్టి ఆవిరి సమస్య తగ్గే మాట నిజమే. నేనైతే ముందు పెట్రోలు పైపును సైలెన్సర్‌కు దూరంగా మళ్లించి, కార్బురేటర్ కింద వేడి ఎక్కకుండా ఆపే మందపాటి ఇన్సులేటర్ వేయిస్తాను. ఖర్చు తక్కువ, కొత్త వైరింగ్ తలనొప్పి లేదు. అప్పటికీ ఆగుతుంటేనే పంపు. అదీ కార్బురేటర్‌కు సరిపడే తక్కువ ఒత్తిడిది, ఇంజిన్ ఆగగానే తానూ ఆగేలా స్విచ్ ఉన్నదే పెట్టించాలి. ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పంపు ఆగకపోతే, తెగిన పైపులోంచి పెట్రోలు కారుతూనే ఉంటుంది.