అద్దెకున్నాయన తాళమేసి మాయమైతే: తాళం పగలగొట్టడమా, కాగితం రాయించుకోవడమా, కోర్టుకెళ్లడమా?

హైదరాబాద్‌లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు తరచూ అడిగేది ఇదే: మూడు నెలలుగా తాళం, అద్దె లేదు, ఫోన్ ఎత్తడు. నలుగురు సాక్షుల్ని పెట్టి తాళం పగలగొట్టొచ్చా?

పగలగొడితే పని ఆ పూటే అయిపోతుంది, లాభం అంతవరకే. ఇల్లు మీదైనా స్వాధీనం ఇంకా అతనిదే; 11 నెలల అగ్రిమెంటు గడువు దాటినా అంతే. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద అతను ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లెవరిదన్న సంగతి జోలికి పోకుండానే కోర్టు స్వాధీనం తిరిగి ఇప్పించగలదు. బీరువాలో బంగారం ఉండేదని అతనంటే ఆ తలనొప్పి వేరే. వీడియో తీసినా తలుపు తెరిచింది మీరే కదా! బాకీ కింద సామాను అమ్ముకునే హక్కూ లేదు.

అసలు తేల్చాల్సింది తాళం ఎన్నాళ్లుగా ఉందని కాదు, అతను ఇల్లు వదిలేశాడా లేదా అని. కరెంటు బిల్లులు తీసి చూడండి. నెలకు 150 యూనిట్లు తిరిగిన మీటరు సున్నాకి పడితే మెయిన్ ఆపేసి పోయుండొచ్చు. ముప్పయ్యో నలభయ్యో తిరుగుతూనే ఉంటే లోపల ఫ్రిజ్ నడుస్తుండొచ్చు. ఫ్రిజ్ ఆపకుండా పోయినవాడు ఇల్లు వదిలేశాడని కోర్టులో నిలబెట్టడం కష్టం. గదులన్నీ ఖాళీ చేసి తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చి పోయాడంటే మాత్రం వేరే మాట, ఫొటోలు తీసి స్వాధీనం చేసుకోవచ్చు.

సామాను లోపలే ఉంటే నా ఓటు కాగితం రాయించుకోవడానికే. అగ్రిమెంటులోని సొంతూరి చిరునామా, సాక్షి సంతకం చేసినవాళ్ల ద్వారా అతన్ని పట్టుకోండి. ‘ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేసి స్వాధీనం అప్పగించాను, మిగిలిన సామాను నాకక్కర్లేదు’ అని సంతకంతో కాగితం, కాకపోతే అతని నంబరు నుంచే వాట్సాప్ మెసేజ్. బావమరిది పంపింది చాలదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 111 ప్రకారం అలా అప్పగించడంతో అద్దె ఒప్పందం ముగుస్తుంది. దీనికోసం బాకీలో ఒకటి రెండు నెలల అద్దె వదులుకోవాల్సి వచ్చినా, దావా ఖర్చుతో పోలిస్తే చవకే.

మనిషి దొరక్కపోతేనే కోర్టు. నెలవారీ అద్దెకు అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద ఖాళీ చేయమని 15 రోజుల నోటీసు. అగ్రిమెంటులో ఎక్కువ గడువుంటే అదే పాటించాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే ఇటు ఇంటికి, అటు సొంతూరికి పంపండి. ఒక ప్రతి తలుపుకి అంటించి ఫొటో తీయండి. ‘డోర్ లాక్డ్’ అని రాసి తిరిగొచ్చిన కవరు చించకండి, అలాగే లాయరుకివ్వాలి. గడువు ముగిశాక అద్దె జమైతే వెంటనే లాయరుకి చెప్పండి, దాన్ని పట్టుకుని అవతలివాళ్లు నోటీసు చెల్లదని వాదిస్తారు. గడువులోగా ఖాళీ చేయకపోతే దావా వేయాలి; అతను హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అతను లేకుండానే ఇచ్చే తీర్పు, వస్తుంది. అప్పుడు తాళం తీసేది కోర్టు మనిషి, మీరు కాదు. ఆలస్యం ఖాయం.

రెంట్ కంట్రోల్ (అద్దెల నియంత్రణ) సంగతంటారా, తెలంగాణలోని 1960 చట్టంలో నాలుగు నెలలు వరసగా కాపురం లేకపోవడం ఖాళీ చేయించడానికి ఒక కారణమే. కార్పొరేషన్లలో 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని పరిధిలోకి రావు, కాబట్టి నేటి హైదరాబాద్ అద్దెలకు అరుదుగా పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి చట్టం వేరే.

పోలీసులు సివిల్ గొడవ అని పంపించేస్తారు. లోపల్నుంచి దుర్వాసన వస్తే మాత్రం మీరు తలుపు ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి.