మోచేతి పట్టీ, రబ్బరు రాడ్డు: రెండేళ్ళ పైబడిన వాడకం తర్వాత

2023 ఫిబ్రవరిలో ఒక పొద్దున పాలగిన్నెను పట్టకారుతో పక్క పొయ్యి మీదికి మార్చబోయాను. గిన్నె రెండంగుళాలు లేచిందో లేదో, కుడి మోచేతి బయటివైపు ఎముక దగ్గర సూది దిగినట్టయింది. పట్టు దానంతట అదే వదిలేసింది. లీటరు పాలు గట్టు మీద, నేల మీద, నా చీర కుచ్చిళ్ళ మీద. ఇంకా కాగలేదు కాబట్టి ఒళ్ళు కాలలేదు. అప్పటికి నెల రోజులుగా షటిల్ ఆడి వచ్చాక చెయ్యి లాగుతూనే ఉంది. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కూడా బరువనిపించేది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

నేను రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. వయసు 45. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే మా కాలనీ హాల్లో షటిల్ ఆడతాను, ఎక్కువగా డబుల్స్. ఈ సమీక్ష రెండు వస్తువుల గురించి. ఒకటి మోచేతి కింద చుట్టుకునే పట్టీ, రెండోది చేతులతో మెలితిప్పే రబ్బరు రాడ్డు. పట్టీ కొని రెండేళ్ళ తొమ్మిది నెలలు, రాడ్డు కొని రెండేళ్ళు. రెంటికీ నా డబ్బే పెట్టాను. ఖర్చు సంగతి అటుంచి, నేను పోగొట్టుకున్న తొమ్మిది నెలలు ఇంకొకరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

నాకొచ్చినదాన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. మనలో చాలామంది ఆ పేరు మొదట విన్నది 2004లో, సచిన్ టెండూల్కర్ దానివల్ల ఆటకు దూరమైనప్పుడు. మరుసటి ఏడు ఆయన ఆపరేషన్ చేయించుకున్నాడు. పేరులో టెన్నిస్ ఉందిగాని, ఇది వచ్చేవాళ్ళలో టెన్నిస్ ఆడేవాళ్ళు కొద్దిమందే. వడ్రంగులు, రంగులేసేవాళ్ళు, ప్లంబర్లు, దర్జీలు, రోజూ బట్టలు ఉతికి పిండేవాళ్ళు ఎక్కువ. ముప్పై అయిదు దాటాక యాభై అయిదు దాకా దీని కాలం.

ఇంట్లో అందరూ నరం పట్టేసిందన్నారు. అది నరం కాదు. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు మోచేతి బయటి బుడిపెకు తాడులాంటి ఒక కట్టుతో అతుక్కుని ఉంటాయి. డాక్టర్లు టెండన్ అనేది దాన్నే. మనం ఏది గట్టిగా పట్టుకున్నా మణికట్టు ముందుకు వాలిపోకుండా ఆపేది ఆ కండరాలే. అందుకే పట్టకారు నొక్కితే, తాళం తిప్పితే, తడి దుప్పటి పిండితే నొప్పి వేళ్ళలో కాక మోచేతి దగ్గర పుడుతుంది. ఇది మామూలు వాపు కూడా కాదు. నెలల తరబడి కొద్దికొద్దిగా నలిగి, పూర్తిగా బాగుపడే తీరిక దొరక్క, ఆ కట్టులోని పోగులు వరస తప్పిపోతాయి. ఈ ఒక్క సంగతి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నా చికిత్స వేరేగా సాగేది.

మా అమ్మ మూకుట్లో రాళ్ళుప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టింది. హాయిగా ఉండేది. ఆ హాయి ఆ రాత్రికే. తెల్లారి బ్రష్ పట్టుకుంటే మళ్ళీ మొదలు.

ఇక పట్టీ. మందుల షాపులో 350 రూపాయలకు కొన్నాను. అరచెయ్యంత వెడల్పు, లోపల చిన్న దిండు, వెల్‌క్రో. ఈ పట్టీని చాలామంది మోచేతి మీదే చుడతారు, నేనూ అలాగే చుట్టాను. అక్కడ కాదు. మోచేతి బుడిపె నుంచి రెండు వేళ్ళు కిందికి వచ్చి, పిడికిలి బిగిస్తే ముంజేతిలో ఉబ్బే కండ మీద ఆ దిండు కూర్చోవాలి. కండను అక్కడ నొక్కి పట్టడం వల్ల లాగుడు కొంత అక్కడే ఆగి, పైనున్న కట్టు మీద భారం తగ్గుతుంది. సరైన చోట పెట్టానో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటే: నీళ్ళ సీసా పట్టుకుని ఎత్తడం. చోటు కుదిరితే నొప్పి అక్కడికక్కడ సగం తగ్గుతుంది. తగ్గకపోతే అర అంగుళం జరిపి మళ్ళీ చూడాలి. వేళ్ళు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టు.

పట్టీతో క్లాసులు చెప్పగలిగాను, వంట చేయగలిగాను. ఆ మేలు నిజమే. అయితే అయిదు నెలలు పొద్దస్తమానం అదే కట్టుకుని తిరిగాను, కొన్నిసార్లు నిద్రలో కూడా. కట్టి ఉన్నంతసేపూ సుఖంగా ఉండటంతో బాగవుతోందనుకున్నాను. తీసిన రోజున చూస్తే ఫిబ్రవరిలో ఎలా ఉందో అలాగే ఉంది, పైగా పట్టు ఇంకా తగ్గింది. పట్టీ పనిచేసేటప్పుడు కట్టుకునే సాధనం. దానివల్ల లోపలి కట్టు గట్టిపడదు. ఇప్పుడు ఆట రోజున ఆ గంటన్నర, ఇంట్లో పెద్ద పని ఉన్నప్పుడు ఆ కాసేపు కడతాను, అయిపోగానే తీసేస్తాను.

మన్నిక విషయానికొస్తే, ఇది మూడోది. వెల్‌క్రోకు చీర పోగులు, జుట్టు చుట్టుకుపోయి ఆరేడు నెలలకే పట్టు తప్పుతుంది. పాత టూత్ బ్రష్‌తో వారానికోసారి గీకితే ఇంకో మూడు నెలలు వస్తుంది. మన ఎండాకాలం చెమటకు రెండు రోజులకోసారైనా ఉతకాలి, లేకపోతే చర్మం ఎర్రగా కందుతుంది. లోపలి దిండు విడిగా తీయడానికి వీలున్నదే కొనండి. కుట్టేసి ఉన్నది ఆరడానికి ఒక రోజంతా పడుతుంది.

పట్టీకీ రాడ్డుకూ మధ్య ఒక ఇంజెక్షన్ ఉంది. జూలైలో ఒక డాక్టరు దగ్గర మోచేతికి స్టెరాయిడ్ వేయించుకున్నాను. మూడో రోజుకు నొప్పి మాయం. ఆరు వారాలు హాయిగా ఆడాను, బ్యాక్‌హ్యాండ్ కూడా కొట్టాను. దసరా సెలవుల నాటికి నొప్పి తిరిగొచ్చింది, ఈసారి ముంజెయ్యంతా. సూది దిగిన చోట చర్మం రూపాయి బిళ్ళంత తెల్లబడింది, అది మళ్ళీ రంగెక్కడానికి ఏడాది పట్టింది. నాది ఒక్కదాని అనుభవమేమో అనుకున్నాను. 2013లో ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసిన పరిశోధనలో అచ్చం ఇదే తేలిందని తర్వాత తెలిసింది. స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 54 శాతం మందికి ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది, ఉత్తుత్తి సూది వేసినవాళ్ళలో 12 శాతం మందికే. నాకు సూది వేసేముందు ఈ మాట ఎవరూ చెప్పలేదు. వేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ డాక్టరు ఇష్టం. ఆరు వారాల తర్వాత ఏమవుతుందని మాత్రం నోరు తెరిచి అడగండి.

నవంబరులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. చిన్నమ్మాయి, మా పాత స్టూడెంట్ల వయసే. చెయ్యి చాపించి, నా మధ్యవేలిని పైకెత్తమని, తను కిందికి నొక్కింది. ఒక్క వేలు, అంతే. మోచేతి దగ్గర చురుక్కుమంది. “ఇన్నాళ్ళూ దీన్ని దాచిపెట్టారు మేడమ్, ఇక పని చెప్పాలి” అంది. ఆ మాటతో నాలో భయం సగం పోయింది. నొప్పి వచ్చినప్పుడల్లా లోపల ఏదో తెగుతోందని ఊహించుకుంటూ బతుకుతున్నాను అప్పటికి.

రాడ్డు అడుగు పొడవు ఉంటుంది, గుప్పిట్లో ఇమిడేంత లావు, పొడవునా గాళ్ళు. రంగును బట్టి గట్టిదనం. నేను కొన్న రకంలో ఎరుపు వంచడానికి 10 పౌండ్ల బలం కావాలి, ఆకుపచ్చకు 15, నీలానికి 25. ఎరుపు 600కి వచ్చింది. మొదటి పదిహేను రోజులు చేతులకు కొత్త టైరు వాసన. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగితే పోయింది.

దీంతో చేసే వ్యాయామానికి టైలర్ ట్విస్ట్ అని పేరు (టైలర్ అంటే ఇక్కడ దర్జీ కాదు, ఒక మనిషి పేరు). 2010లో అమెరికాలో 21 మందితో చేసిన ఒక చిన్న పరిశోధన తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. నొప్పి ఉన్న చేత్తో రాడ్డును నిలువుగా పట్టుకుని ఆ మణికట్టును వెనక్కి ఎత్తి ఉంచాలి. మంచి చేత్తో పై కొస పట్టుకుని, ఆ మంచి చేతితోనే మెలితిప్పాలి. మెలిక జారకుండా రెండు చేతులూ ముందుకు నిటారుగా చాపాలి. అప్పుడు నొప్పి చేతి మణికట్టును నాలుగైదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా ముందుకు వంగనివ్వాలి. మెలిక దానికదే విడుతుంది. ఇలా పదిహేనుసార్లు, మూడు విడతలు, రోజూ.

నేను మూడు వారాలు తప్పుగా చేశాను. పెట్టెలోని కాగితం మీద బొమ్మ మాత్రమే ఉంది, బాణం గుర్తు ఎటువైపో అర్థం కాలేదు. నొప్పి చేత్తోనే బలంగా మెలితిప్పాను, నొప్పి పెరిగింది. ఆ అమ్మాయే చూసి ఆపింది. “తిప్పేది ఈ చెయ్యి కాదండి. ఈ చెయ్యి వదలాలి, అదీ మెల్లగా.” తాడు పట్టుకుని బావిలోకి నిండు బిందె దింపుతున్నప్పుడు చేతులు ఎలా పనిచేస్తాయో అలాగన్నమాట. తాడు జారుతూనే ఉంటుంది, చేతులు ఆపుతూనే ఉంటాయి. కండరం బిగువు వదలకుండా సాగుతుంది. లోపలి కట్టుకు బలమిచ్చేది ఆ పనే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అన్నిటికంటే పెద్ద అనుమానం, నొప్పి వస్తే ఆపాలా అని. నాకు చెప్పిన లెక్క ఇది: పదికి నాలుగు దాకా నొప్పి రావచ్చు. అది మర్నాటి పొద్దుటికల్లా ముందురోజు స్థితికి దిగిపోవాలి. దిగకపోతే ఆ రోజు ఒక విడత తగ్గించాలి, మానేయకూడదు. నేను క్యాలెండర్ మీద తేదీ పక్కన అంకె వేసుకునేదాన్ని. నవంబరు ఆఖరులో అన్నీ ఆరులూ అయిదులూ. సంక్రాంతికి మూడులు. ముగ్గుకు పిండి పోయగలిగాను. ఫిబ్రవరి రెండో వారంలో పాలగిన్నెను అదే పట్టకారుతో దించాను. దించాక గానీ దించినట్టు గుర్తురాలేదు. ఆ నెలలోనే ఆకుపచ్చ రాడ్డుకు మారాను.

2024 మేలో మళ్ళీ నొప్పిలో పడ్డాను. ఆవకాయ. మామిడికాయలు మా వారే కొట్టారు, కారం, ఆవపిండి, నూనె కలిపింది నేను, జాడీలు ఎత్తి అటక కిందికి సర్దింది నేను. అప్పటికి నెలన్నరగా రాడ్డు ముట్టలేదు, నొప్పి లేదు కదా అని. మూడు రోజుల్లో అంకె మళ్ళీ ఆరుకెళ్ళింది. ఎరుపు రాడ్డు తీసి మొదటి నుంచి మొదలుపెట్టాను, అయిదు వారాల్లో దారికొచ్చింది. అప్పటినుంచి నొప్పి ఉన్నా లేకపోయినా వారానికి రెండు రోజులు ఆకుపచ్చది చేస్తున్నాను, మంగళవారం, శుక్రవారం, టీవీలో వార్తలు చూస్తూ. మరుసటి ఏడు మేలో ఆవకాయకు ఇబ్బంది రాలేదు. బరువెత్తే పద్ధతి కూడా మార్చుకున్నాను: అరచెయ్యి నేలవైపు పెట్టి దేన్నీ ఎత్తను. అరచెయ్యి పైకి తిప్పి, మోచెయ్యి ఒంటికి ఆన్చి ఎత్తుతాను. కూరగాయల సంచీ అయినా, కుక్కర్ అయినా అంతే. బ్యాటుకు గట్టింగ్ (తీగల బిగువు) 26 పౌండ్ల నుంచి 23కి తగ్గించుకున్నాను, గ్రిప్ మీద ఇంకో పొర చుట్టాను. స్మాష్‌లో కాస్త జోరు తగ్గింది, చెయ్యి మిగిలింది.

రాడ్డులో లోపాలూ ఉన్నాయి. చెమట చేతులకు జారుతుంది, ఏప్రిల్, మే నెలల్లో చేతిరుమాలు చుట్టుకోక తప్పదు. వేళ్ళ కీళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో అరుగుదల ఉన్నవాళ్ళకు ఇంత లావు రాడ్డును బిగించి పట్టుకోవడమే కష్టం. అలాంటివాళ్ళు అర కిలో డంబెల్‌తో, బల్ల అంచున ముంజెయ్యి ఆన్చి, మణికట్టును మెల్లగా దింపే పద్ధతి అడిగి తెలుసుకోవచ్చు, పని ఒకటే. నా ఆకుపచ్చ రాడ్డు మధ్యలో గాళ్ళు అరిగి తెల్లటి గీతలు పడ్డాయి, చీలిక మాత్రం ఎక్కడా లేదు. ఎండ తగిలేచోట పెట్టకండి, రబ్బరు పెళుసెక్కుతుంది. నీలం కొన్నాను గాని నాకు అవసరం పడలేదు. మొదట ఎరుపు ఒక్కటే కొనండి. మూడు కలిపి అమ్మే సెట్ జోలికి పోకండి.

వేళ్ళు మొద్దుబారినా, నొప్పి మెడ నుంచి దిగుతున్నా, మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయినా, వాచి వేడిగా ఉన్నా, కింద పడ్డాక మొదలైనా ఇవేవీ కొనకుండా ముందు డాక్టరుకు చూపించండి. అది వేరే జబ్బు కావచ్చు.

అంకెల్లో చెప్పమంటే పట్టీకి అయిదుకు మూడు, రాడ్డుకు నాలుగున్నర. ఆ తగ్గించిన అర, పెట్టెలోని బొమ్మ కోసం.

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడకు దసరా ముందు ఇదే నొప్పి మొదలైంది, కత్తెర పట్టలేకపోయింది. “అక్కా, పండగ గిరాకీ అంతా పోతోంది” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫిజియోకు చూపించి వచ్చాక నా ఎరుపు రాడ్డు ఇచ్చాను. బాణం గుర్తు ఎటువైపో తెలిసేలా ఒక కొసకు పసుపు దారం చుట్టి, అది నొప్పి చెయ్యి పట్టుకునే కొస అని చెప్పాను. మొన్న జాకెట్ తెచ్చుకోవడానికి వెళ్తే మిషన్ సొరుగులోంచి రాడ్డు తీసి చేసి చూపించింది. ఆరో వారం. పదిహేనులో పన్నెండు దాకా చెయ్యి వణకడం లేదు.